క్లారా స్వెయిన్ ఉత్తరాలు: బరేలీ డాక్టరమ్మ గురించి మాట్లాడుకుందాం

పాతపుటలు | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఈమధ్య ఒక పాత పుస్తకం పట్టుకున్నాను. పేరు ‘ఎ గ్లింప్స్ ఆఫ్ ఇండియా’, 1909లో న్యూయార్క్‌లో అచ్చయింది. రాసినావిడ డాక్టర్ క్లారా స్వెయిన్. అమెరికా మెథడిస్టు ఎపిస్కోపల్ చర్చి స్త్రీల మిషనరీ సంఘం మన దేశానికి పంపిన మొదటి డాక్టరమ్మ ఈవిడే. తీరిగ్గా కూర్చుని రాసిన ఆత్మకథ కాదిది. ఇక్కణ్ణుంచి ఇంటికి రాసిన ఉత్తరాల్లోంచి ఏరి కూర్చిన ముక్కలు.

తెలియనివాళ్ళ కోసం ముందు కథ కొంచెం. 1834లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో పుట్టింది. పదిమంది పిల్లల్లో ఆఖరిది. పెరిగింది కేస్టీల్ అనే చిన్న ఊళ్ళో. కొన్నాళ్ళు బళ్ళో పాఠాలు చెప్పింది. తర్వాత డాక్టర్ కార్డీలియా గ్రీన్ అనే ఆవిడ కేస్టీల్లో నడిపే ఆరోగ్యనిలయంలో పని నేర్చుకుంది. అక్కణ్ణుంచి ఫిలడెల్ఫియా వెళ్ళి స్త్రీల వైద్య కళాశాలలో 1869లో పట్టా పుచ్చుకుంది. అప్పటికి ముప్ఫై అయిదేళ్ళు. ఆ ఏడాది నవంబర్ 3న న్యూయార్క్‌లో ఓడెక్కింది. తోడు మరో మిషనరీ ఇజబెల్లా థోబర్న్. బొంబాయిలో దిగాక ఇజబెల్లా లక్నో వెళ్ళింది, క్లారా 1870 జనవరి 20న బరేలీ చేరింది.

ఉత్తరాలు చదువుతుంటే నాకు రెండు గొంతులు వినిపిస్తున్నాయి. ఒకటి ఇంట్లోవాళ్ళతో మాట్లాడే గొంతు. రెండోది ఈ కాగితం రేపు చర్చిలో పదిమంది ముందు చదువుతారని, వాళ్ళలో చందా ఇచ్చేవాళ్ళూ ఉంటారని తెలిసిన గొంతు. ఏది ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో మీకెవరికైనా తట్టిందా?

ఇజ్జత్‌నగర్ | 9:31

మా బరేలీ పేరు ఇక్కడ కనబడుతుందనుకోలేదండి! నేను అక్కడ ఐవీఆర్ఐలో పశువైద్యం పీజీ చేశాను. క్లారా స్వెయిన్ హాస్పిటల్ అంటే ఆటోవాళ్ళకి కూడా తెలుసు. మా తెలుగు బ్యాచ్‌లో ఎవరికీ ఆ పేరు ఒక మనిషిదన్న ధ్యాసే ఉండేది కాదు, కంపెనీ పేరేమో అనుకునేవాళ్ళం. ఆ స్థలం రాంపూర్ నవాబు ఇచ్చాడని అక్కడి ముసలాయన ఒకాయన చెప్పాడు. నిజమేనా?

పాతపుటలు | 9:58

నిజమేనండి. ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన భాగం అదే.

బరేలీలో మిషన్ బంగళా పక్కన నవాబుగారి తోట, అందులో పాత ఇల్లు ఒకటి ఉండేవి. ఆస్పత్రికి అంతకంటే మంచి చోటు లేదు. కొందామంటే అడగడానికే భయం. రాంపూర్ నవాబు కల్బ్ అలీ ఖాన్‌కి మిషనరీలంటే గిట్టదని, తన ఊళ్ళో అడుగు పెట్టనివ్వనన్నాడని చెప్పుకునేవాళ్ళు. బరేలీ కమిషనర్‌ని కదిపితే ‘మధ్యవర్తులు వద్దు, నేరుగా వెళ్ళి అడగండి’ అన్నాడు. 1871 అక్టోబర్లో క్లారా, అక్కడి మిషనరీ థామస్ దంపతులూ కలిసి వెళ్ళారు. రాంపూర్ నలభై మైళ్ళు. నవాబే దారి పొడవునా మార్చుకోడానికి గుర్రాలు పెట్టించాడు. బస, విందు, వినోదాలు అన్నీ అయ్యాయి. మర్నాడు దర్బారులో థామస్ గారు మొహమాటపడుతూ, ఆడవాళ్ళ ఆస్పత్రికి ఆ స్థలం ఏ షరతుల మీద ఇస్తారని అడగబోతే, ఆయన మాట పూర్తి కాకుండానే ‘తీసుకోండి, ఆ పనికయితే సంతోషంగా ఇస్తున్నాను’ అన్నాడట. నలభై ఎకరాలు. పైసా పుచ్చుకోలేదు.

అక్కడ 1873 మేలో మందులిచ్చే డిస్పెన్సరీ, 1874 జనవరి 1న ఆస్పత్రి మొదలయ్యాయి. ఆసియాలో ఆడవాళ్ళ కోసమే కట్టిన మొదటి ఆస్పత్రి ఇదేనంటారు.

నిశాచరుడు | 10:04

మాట పూర్తి కాకుండానే నలభై ఎకరాలు! ఇప్పుడు రెండొందల గజాల రిజిస్ట్రేషన్‌కే చెప్పులరుగుతున్నాయి.

సూటిప్రశ్న | 10:26

అందరూ మురిసిపోతున్నారు కాబట్టి ఒక మాట అడగాలి. మందు పేరు చెప్పి మతం నూరిపోయడమే కదా ఈ పని? ఆవిడ డాక్టరమ్మ, సరే. పంపినవాళ్ళు ఎవరు? ఎందుకు పంపారు? ఇక్కడి ఆడవాళ్ళంతా చీకట్లో మగ్గుతున్నారని అక్కడ చెప్పి డబ్బు పోగుచేశారు. ఆ ఉత్తరాలు అందుకు పనికొచ్చాయి. పాతపుటలు గారు ‘రెండు గొంతులు’ అని మెత్తగా అన్నారు. నన్నడిగితే ఒకటే గొంతు, దానికి రెండు ట్యూన్లు.

డాక్టరమ్మ | ఆదివారం, ఉదయం 6:40

డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను. సూటిప్రశ్న గారూ, మీరడిగింది అడగాల్సిందే. అయితే వైద్యం వైపు నుంచి కూడా ఒకసారి చూడండి.

1870 నాటికి లిస్టర్ అనే ఇంగ్లీషు సర్జన్ కార్బాలిక్ ఆమ్లంతో పుళ్ళు కడగడం గురించి రాసి మూడేళ్ళే అయింది. సూక్ష్మజీవుల సంగతి చాలామంది డాక్టర్లు నమ్మేవాళ్ళు కూడా కాదు. క్లోరోఫాం ఉంది, క్వినైన్ ఉంది, నల్లమందు ఉంది. అంటే ఆ రోజుల్లో ఎంత గొప్ప డాక్టరైనా చేయగలిగింది తక్కువే. కానీ ఘోషాలో ఉన్న మనిషికి ఆ తక్కువ కూడా అందేది కాదు. మగ డాక్టరొస్తే తెర వెనక నుంచి చెయ్యి బయటపెట్టడమే, నాడి చూసి మందు చెప్పడమే. పొట్ట నొక్కి చూడటం, కాన్పు అడ్డం తిరిగితే చెయ్యి పెట్టి సరిచేయడం ఊహకి కూడా రావు. మంచం దగ్గరికి వచ్చి కూర్చుని, కళ్ళారా చూసి, ఒళ్ళు తడిమి చూసే చదువుకున్న ఆడమనిషి రావడం పేషెంటుకి ఎంత తేడానో రోజూ కాన్పులు చేసేదాన్ని, నాకు తెలుసు.

మన విశాఖలో విక్టోరియా ఆస్పత్రిని ఇప్పటికీ పెద్దవాళ్ళు ఘోషాసుపత్రి అనే అంటారు కదా. మద్రాసు తిరువళ్ళిక్కేణి ఘోషా ఆస్పత్రి మేరీ షార్లీబ్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ చేతుల మీదుగా 1885లో వచ్చింది. ఆడవాళ్ళ వైద్యం కోసం వైస్రాయి భార్య పెట్టిన లేడీ డఫరిన్ ఫండ్ కూడా అదే ఏడాది. మద్రాసు వైద్య కళాశాలలో ఆడవాళ్ళని చేర్చుకున్నదే 1875లో. వీటన్నిటికంటే ముందు బరేలీలో ఈవిడ పని మొదలైపోయింది.

గుంటూరు_మిర్చి | 7:15

డాక్టరమ్మ అక్కా, మీరు ఫిలడెల్ఫియా కాలేజీని వదిలేశారు! అక్కడే మనకి అసలు చుట్టరికం ఉంది.

నేను పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆస్పత్రిలో. మా అమ్మ కూడా అక్కడే పుట్టింది. ఆ ఆస్పత్రి పెట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్ కూడా క్లారా చదివిన కాలేజీలోనే చదివింది, 1879 బ్యాచ్. ఈవిడ మెథడిస్టు కాదు, లూథరన్. 1883లో గుంటూరొచ్చింది. తమాషా ఏమిటంటే వాళ్ళ సంఘం ఈవిణ్ణి డాక్టరుగా పంపలేదు. బడులు చూసుకో, ఇళ్ళకెళ్ళి ఆడవాళ్ళకి పాఠాలు చెప్పు అని పంపారు. వచ్చినప్పట్నుంచీ పేషెంట్లు వదిలితేగా! చివరికి 1898లో ఆస్పత్రి లేచింది. 1930లో గుంటూరులోనే పోయింది. బరేలీకి నవాబు ఇచ్చినట్టే ఇక్కడ ఏలూరు రాజావారు పేషెంట్ల తాలూకు హిందువులు దిగడానికి సత్రం కట్టించారు.

మన దేశపు తొలి డాక్టరమ్మల్లో ఒకరైన ఆనందీబాయి జోషి కూడా అదే కాలేజీ, 1886. ఆవిడ చీర కట్టుకుని, ఒక జపాను అమ్మాయి, ఒక సిరియా అమ్మాయి పక్కన కూర్చున్న ఫోటో మనందరం చూసిందే.

మెదక్_మనిషి | 8:02

మెథడిస్టు అనగానే మావాళ్ళు మెదక్ చర్చి అంటారు. అందుకే ఈ లెక్క ఇక్కడే తేల్చేస్తాను, తర్వాత కలగాపులగం కాకుండా.

మన దగ్గరికి మెథడిస్టులు రెండు దారుల్లో వచ్చారు. ఇంగ్లండు వెస్లియన్లు ఒకటి. మెదక్, సికింద్రాబాద్, కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్ళదే. పోస్నెట్ దొర కట్టించిన పెద్ద గుడి ప్రతిష్ఠ 1924 క్రిస్మస్ నాడు జరిగింది. కరువు రోజుల్లో కూలి దొరుకుతుందని జనం దానికి రాళ్ళు మోశారని మా తాత చెప్పేవాడు. మెదక్‌లో మందులిచ్చే పని నడిపింది ఆయన తోబుట్టువు ఎమిలీ పోస్నెట్, ఆవిడ స్నేహితురాలు మిస్ హారిస్. 1947లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడినప్పుడు వెస్లియన్లు అందులో కలిసిపోయారు. అందుకే మెదక్ చర్చి ఇప్పుడు సీఎస్ఐ.

రెండోది అమెరికా వాళ్ళది, మెథడిస్టు ఎపిస్కోపల్. హైదరాబాద్ అబిడ్స్, వికారాబాద్, జహీరాబాద్, బీదర్ వైపు. వీళ్ళు సీఎస్ఐలో కలవలేదు, ఇప్పటికీ మెథడిస్టు చర్చి అనే పేరుతోనే ఉన్నారు. అబిడ్స్ చాపెల్ రోడ్‌లో 1895 నాటి స్టాన్లీ గర్ల్స్ స్కూలు వాళ్ళదే. క్లారాని పంపిన స్త్రీల సంఘం కూడా ఈ అమెరికా గూటిదే.

నిశాచరుడు | 8:10

మా అమ్మ స్టాన్లీ. ఇన్నాళ్ళూ అది మెదక్ బ్రాంచి అనుకుంటున్నా. థాంక్సన్నా.

పాతపుటలు | 11:20

మెదక్_మనిషి గారూ, ఎంత అవసరమైన పోస్టో.

సూటిప్రశ్న గారి మాటకొస్తాను. దాచడానికేం లేదు. ఆవిడ ఇచ్చే మందుచీటీ మీదే స్థానిక భాషల్లో బైబిల్ వాక్యం అచ్చు వేసి ఉండేది. మందు కోసం వచ్చిన ప్రతి ఒక్కరి చేతికీ వాక్యం వెళ్ళాలన్నది ఆవిడ ఉద్దేశం, ఆ సంగతి ఆవిడే రాసుకుంది. కాబట్టి ఉద్దేశం మీద వాదన అక్కర్లేదు.

డబ్బు సంగతి మాత్రం మీరనుకున్నంత తేలిగ్గా లేదు. ఆ సంఘం పుట్టింది 1869 మార్చిలో, బోస్టన్‌లో. ఆ రోజు కుండపోత వాన, వచ్చిన ఆడవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇండియా నుంచి తిరిగెళ్ళిన క్లెమెంటీనా బట్లర్, లోయిస్ పార్కర్ వాళ్ళకి ఇక్కడి సంగతులు చెప్పారు. నినాదం ‘వారానికి రెండు సెంట్లు, ఒక ప్రార్థన’. ఇజబెల్లాని పంపడానికి డబ్బు చాలదేమోనని అందరూ నసుగుతుంటే ఒకావిడ లేచి, ఖరీదైన బట్టలు మానేసి నూలు గౌన్లలో బోస్టన్ వీధుల్లో తిరుగుదాం, ఆమెని మాత్రం వదులుకోవద్దు అందట. నెలనెలా పత్రిక ఒకటి మొదలుపెట్టారు, దాన్ని నింపేది ఇలాంటి ఉత్తరాలే. అంటే ఆ కాగితాలు పట్టుకుని కూర్చున్నది కోటీశ్వర్లు కాదు, ఇంటి ఖర్చులో చిల్లర మిగిల్చే ఆడవాళ్ళు. వాళ్ళని ఏడిపించి రెండు సెంట్లు రాబట్టాలన్న ఒత్తిడి రాసేవాళ్ళ మీద లేదనను. ఆవిడ వాక్యాలు బరువెక్కిన చోటల్లా నాకు ఆ పత్రికే గుర్తొస్తుంది.

సూటిప్రశ్న | 11:41

ఆ పత్రిక పేరు ‘హీథెన్ వుమన్స్ ఫ్రెండ్’, అంటే ‘అన్యజనుల ఆడవాళ్ళ నేస్తం’, అని చెప్పడం మర్చిపోయారు. మన అమ్మమ్మల్ని వాళ్ళు ఏమనుకున్నారో అట్ట మీదే ఉంది. 1896లో ఆ పేరు మార్చుకున్నారు కూడా, అంటే వాళ్ళకే ఇబ్బందనిపించి ఉంటుంది.

రెండు సెంట్లిచ్చిన ఆవిడ మంచిదే, కాదనను. ఆవిడకి మన గురించి తెలిసిందంతా ఈ ఉత్తరాల్లో ఉన్నదే. అది నా బాధ.

ఇజ్జత్‌నగర్ | మధ్యాహ్నం 12:30

నాకు ఇంకో సందేహం. డాక్టర్‌ని పంపమని అడిగింది ఎవరు? వాళ్ళంతట వాళ్ళే పంపేశారా?

పాతపుటలు | 1:15

అడిగింది బరేలీలో ఆడపిల్లల అనాథాశ్రమం నడిపే మిసెస్ థామస్. 1860-61 కరువు తర్వాత ఆ ఆశ్రమంలో పిల్లలు బాగా పెరిగారు. వాళ్ళలో పెద్దపిల్లలకి వైద్యం నేర్పించాలని ఆవిడ పట్టుదల. దానికి ఆడ డాక్టరే కావాలని అమెరికాకి రాసింది. మొదట ఆ ఉత్తరం వెళ్ళింది వేరే సంఘానికి, అన్ని చర్చీల ఆడవాళ్ళూ కలిసి నడిపేదానికి. క్లారాని వెతికి పట్టుకున్నది కూడా ఆ సంఘం వాళ్ళే. ఈలోగా మెథడిస్టు స్త్రీల సంఘం పుట్టింది, క్లారా పుట్టుకతో మెథడిస్టు. నా చర్చి తరఫునే వెళ్తానంది, వాళ్ళు పెద్దమనసుతో వదిలేశారు.

మనవాళ్ళ చెయ్యి కూడా ఉంది ఇందులో. నైనీతాల్లో డాక్టర్ హంఫ్రీ అనే మిషనరీ 1869లోనే స్థానిక స్త్రీలకి వైద్యం క్లాసు పెట్టాడు. దానికయ్యే ఖర్చులో భాగం భరిస్తానని ముందుకొచ్చింది నందకిశోర్ అనే హిందూ పండితుడు. అంటే ఆడవాళ్ళకి ఆడ డాక్టర్లు కావాలని అనుకున్నది అమెరికా ఒక్కటే కాదు. ఈ ముక్క చందాల పత్రికలకి పెద్దగా పనికిరాదు, అందుకే ఎవరూ చెప్పుకోరు.

డాక్టరమ్మ | సాయంత్రం 4:05

క్లారా క్లాసు గురించి చెప్పండి పాతపుటలు గారూ. నాకు ఆస్పత్రి కంటే అదే పెద్ద పని అనిపిస్తుంది.

పాతపుటలు | 5:30

1870 మార్చి 1న మొదలుపెట్టింది, బరేలీ వచ్చి ఆరు వారాలన్నా పూర్తికాకముందే. అనాథాశ్రమం పిల్లలు పద్నాలుగు మంది, పెళ్ళయిన క్రైస్తవ స్త్రీలు ముగ్గురు. అప్పటికే ఇంట్లో పేషెంట్ల గోల. మొదటి ఆరు వారాల్లో చూసినవాళ్ళు 108 మంది. పొద్దున జబ్బులు చూడటం, తర్వాత పల్లకీలోనో బండిలోనో ఇళ్ళకి తిరగడం, మధ్యలో పాఠాలు. తనకి ఇంకా భాష రాదు! పిల్లల్ని తన వెంట రోగుల దగ్గరికి తీసుకెళ్ళేది, మందులు వాళ్ళ చేత కలిపించేది.

1873 ఏప్రిల్ 10న ముగ్గురు డాక్టర్ల ముందు పరీక్ష పెట్టారు. పదమూడు మంది నెగ్గారు. మామూలు జబ్బులన్నిటికీ వైద్యం చేయొచ్చని వాళ్ళకి సర్టిఫికెట్లు ఇచ్చారు. ఆనందీబాయి అమెరికా ఓడెక్కడానికి పదేళ్ళ ముందు మాట ఇది.

సూటిప్రశ్న | 6:12

ఇదిగో, ఇక్కడ మాత్రం నేను మీ పార్టీ. ఆ పదమూడు మంది ఉత్తరాలు రాసి ఉంటే నేను మొత్తం చదివేవాణ్ణి. కరువులో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న పిల్ల, పరాయి మతంలో పెరిగి, పరాయి భాషలో ఎముకల పేర్లు నేర్చుకుని, ఊళ్ళో పెద్దింటి లోగిళ్ళలోకి డాక్టరమ్మగా నడిచి వెళ్ళింది. వీధరుగు మీద కూడా కూర్చోనివ్వని ఇళ్ళే అయుంటాయి కొన్ని. ఆ పిల్లకి ఎలా అనిపించిందో క్లారా చెబితే నాకు చాలదు. పుస్తకం అట్ట మీద ఒక్క పేరే ఉంది.

గుంటూరు_మిర్చి | 6:20

అన్నా, ఫస్ట్ టైం మీతో ఏకీభవిస్తున్నా. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

మెదక్_మనిషి | 6:44

మా దగ్గరా అంతే. పోస్నెట్ దొర పేరు చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఊరూరా నడిచి వాక్యం చెప్పినవాళ్ళు, మందులిచ్చినవాళ్ళు అంతా మా మాల, మాదిగ వాడల ఆడవాళ్ళు. వాళ్ళ పేర్లు చర్చి రిజిస్టర్లో దొరికితే దొరికినట్టు. ఉత్తరాలు రాసే అలవాటు, దాచే అలవాటు ఎవరికుంటే చరిత్ర వాళ్ళదైపోతుంది.

డాక్టరమ్మ | రాత్రి 9:02

ఆస్పత్రి నడిపిన తీరు గురించి ఒక్క మాట. పేషెంటుతో పాటు ఇంటిల్లిపాదీ దిగొచ్చనడం, ఎవరి వంట వాళ్ళు చేసుకోవచ్చనడం నేను వేరేచోట చదివాను. కులం పట్టింపుకి లొంగారని అప్పట్లో తిట్టినవాళ్ళు ఉన్నారు. నాకు మాత్రం ఆవిడ తెలివైన మనిషనిపించింది. వార్డులో అందరికీ ఒకే వంట అని పట్టుబడితే బరేలీలో ఒక్క బ్రాహ్మణి, ఒక్క ఖానుగారింటి ఆడమనిషి గుమ్మం తొక్కేది కాదు. ఇప్పటికీ మా ప్రభుత్వాసుపత్రి ఆవరణలో చెట్టుకింద మూడు రాళ్ళ పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. పేషెంటు ఒక్కతే రాదు మన దేశంలో, ఊరు వెంట వస్తుంది.

పిలానీ_బ్యాచ్ | 9:37

ఆలస్యంగా వచ్చా. రాజస్థాన్‌లోని ఖేత్రీ సంస్థానం కథ ఎవరూ ఎత్తలేదేంటి? ఆవిడ ఇండియాలో గడిపిన కాలంలో పెద్ద భాగం అదే కదా.

మేం పిలానీ బిట్స్‌లో చదివేటప్పుడు ఖేత్రీ వెళ్ళేవాళ్ళం. అదీ ఝుంఝునూ జిల్లానే. అందరికీ రాగి గనులు తెలుసు, కొండ మీద కోట తెలుసు. అక్కడి గైడ్లు వివేకానందుడి గురించే చెబుతారు. రాజా అజిత్ సింగ్ ఆయన శిష్యుడు, 1893లో చికాగో ప్రయాణానికి సాయం చేసినవాడు. రాజుగారి పాత మహలు 1958 నుంచీ రామకృష్ణ మిషన్ చేతిలో ఉంది. ఆ రాజుగారింటికే క్లారా స్వెయిన్ డాక్టరని నాకు ఈ థ్రెడ్ చూశాకే వెలిగింది!

పాతపుటలు | 10:15

రేపు రాద్దామనుకున్నాను, మీరే అందుకున్నారు.

1885లో ఖేత్రీ రాణిగారికి జబ్బు చేస్తే కబురొచ్చింది. పల్లకీలు, ఒంటెబండి, గుర్రాలు, వంద మందికి పైగా నౌకర్లని పంపించారు. అక్కడి శేఖావతీ ప్రాంతపు ఇసుకలో ఊరేగింపులాంటి ప్రయాణం. రాణిగారికి నయమయ్యాక, రాజుగారు అంతఃపురం ఆడవాళ్ళకి డాక్టరుగా ఉండిపొమ్మన్నారు. ఆవిడ వెంటనే ఊఁ అనలేదు. చుట్టుపక్కల క్రైస్తవులెవరూ లేని చోటు, బరేలీలో తను పెంచిన ఆస్పత్రేమో వదలాలి. చివరికి ఒప్పుకుంది. అక్కడ ఊళ్ళో ఆడవాళ్ళకి డిస్పెన్సరీ, ఆడపిల్లలకి బడి పెట్టించింది. తన మతం దాచుకోలేదు, పాటలు నేర్పింది, అంతఃపురంలో పాడించింది కూడా. మధ్యలో ఒకసారి సెలవు మీద అమెరికా వెళ్ళొచ్చి, 1896 దాకా అక్కడే ఉంది.

వివేకానందుడు 1891లో వేసవి దాటాక ఖేత్రీలో నెలల తరబడి ఉన్నాడు, 1893లో మళ్ళీ వచ్చాడు. లోగిలి ఒకటే. లోపల రాణుల దగ్గర మెథడిస్టు డాక్టరమ్మ, బయట రాజుగారి దగ్గర వేదాంతం చెప్పే సన్న్యాసి. అజిత్ సింగ్‌కి రెండింట్లోనూ ఇబ్బంది కనపడలేదు.

ఖేత్రీ ఉత్తరాలే నాకు అన్నిటికంటే నచ్చాయి. బరేలీలో ఆవిడ వెనక ఒక సంఘం, లెక్కలు, రిపోర్టులు ఉన్నాయి. ఇన్ని చీటీలు, ఇన్ని ఇళ్ళు, ఇంతమంది పిల్లలు అని చెప్పాల్సిన పని ఉంది. ఖేత్రీలో ఆ తొందర తగ్గింది. మనుషుల్ని గమనించింది, వాళ్ళ పెళ్ళిళ్ళు, పండగలు, అలకలు చూసింది. నేను మొదట అడిగిన రెండు గొంతుల్లో ఇంటిగొంతు అక్కడ పైకొచ్చిందని నా నమ్మకం.

సూటిప్రశ్న | 10:33

రాజు జీతమిస్తే గొంతు మారిందన్నమాట!

పాతపుటలు | 10:36

అలా అన్నా నేను కాదనను సార్. ఎవరి డబ్బుతో ఉన్నామో అది రాతలో కనపడుతుంది. ఈ సైటు యాడ్స్ చూడండి.

నిశాచరుడు | 10:38

మోడరేటర్ గారు వస్తున్నారు, పరిగెత్తండి.

మోడరేటర్ | 10:50

వచ్చాను. యాడ్స్ మీద జోకులు కొనసాగించవచ్చు. మతం మీద వాదన ఇంతవరకూ మర్యాదగానే నడిచింది, ఇలాగే ఉండనివ్వండి.

ఇజ్జత్‌నగర్ | సోమవారం, ఉదయం 7:50

చివరికి ఆవిడ ఎక్కడ పోయింది? బరేలీలో సమాధి ఉందా? మాకు ఎవరూ చూపించలేదు.

పాతపుటలు | 8:25

లేదండి. 1896లో కేస్టీల్ తిరిగి వెళ్ళిపోయింది. ఇక్కడి మెథడిస్టు మిషన్‌కి యాభై ఏళ్ళు నిండిన ఉత్సవాలప్పుడు, డెబ్భై దాటిన వయసులో, మళ్ళీ ఓడెక్కి వచ్చి చూసి వెళ్ళింది. తర్వాతే ఉత్తరాల పుస్తకం వచ్చింది. 1910 డిసెంబర్ 25న కేస్టీల్లోనే కన్నుమూసింది.

తోడుగా వచ్చిన ఇజబెల్లా మాత్రం ఇక్కడే పోయింది, 1901లో లక్నోలో, కలరాతో. ఆవిడ 1870 ఏప్రిల్లో అమీనాబాద్ బజారులో ఆరుగురు ఆడపిల్లలతో బడి మొదలుపెట్టినప్పుడు, గొడవ చేసేవాళ్ళు వస్తారేమోనని గుమ్మం దగ్గర ఒక కుర్రాణ్ణి దుడ్డుకర్రతో నిలబెట్టారు. ఆ బడే పెరిగి ఇజబెల్లా థోబర్న్ కాలేజీ అయింది. ఆవిడ జీవితచరిత్ర అన్నగారు బిషప్ జేమ్స్ థోబర్న్ 1903లో రాశాడు. అందులోనూ ఉత్తరాలున్నాయి.

గుంటూరు_మిర్చి | 8:40

ఇలాంటి ఉత్తరాల అసలు కాగితాలు చూడాలంటే ఎక్కడికెళ్ళాలి? మా కజిన్ న్యూజెర్సీలో ఉంది, ఆదివారాలు ఖాళీ.

మెదక్_మనిషి | 9:10

అయితే మీ అదృష్టం పండింది. అమెరికా మెథడిస్టుల పాత కాగితాల భాండాగారం న్యూజెర్సీలోనే, మేడిసన్‌లో డ్రూ యూనివర్సిటీ ఆవరణలో ఉంది. ఆదివారం మూసేస్తారు, లీవు పెట్టమనండి. ఇంగ్లండు వెస్లియన్ల కాగితాలు, అంటే మా మెదక్ వైపువి, లండన్‌లో సోయాస్ అనే యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్నాయి. ఫిలడెల్ఫియా వైద్య కళాశాల రికార్డులు డ్రెక్సెల్ యూనివర్సిటీలో.

గుంటూరు_మిర్చి | 9:14

కజిన్‌కి మెసేజ్ పెట్టేశా. ‘నేను కోడింగ్ చేసుకోవాలా, నీకోసం దయ్యాల ఉత్తరాలు చదవాలా’ అంది. అంటే వెళ్తుంది.

సూటిప్రశ్న | 9:30

వెళ్తే ఆ పరీక్ష నెగ్గిన పదమూడు మంది పేర్ల కోసం వెతకమనండి, 1873 రిపోర్టుల్లో. అమెరికా ఆవిడ చేతిరాత ఫోటోలు నాకక్కర్లేదు.

డాక్టరమ్మ | 9:33

అవి దొరికితే నాకూ పంపండి. ఓపీకి టైమైంది, సాయంత్రం వస్తా.